లినక్సులో బ్రౌజరును స్థాపించుట

విండోస్ 10 అను నిర్వహణ వ్యవస్థకు సాధారణమైన మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. దాని తరువాతిదైన విండోస్ 11 కొంత పాతబడిన కంప్యూటర్లను స్వీకరింపదు. యంత్రము చెడలేదు, తెర వెలుగుచున్నది, మీటలు పనిచేయుచున్నవి, అయినను దానిని మూలకు నెట్టవలసి వచ్చినది. ఇట్టి యంత్రమును నిలుపుకొనుటకు కొందరు గృహస్థులు లినక్సును ఆశ్రయించుచున్నారు. హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దానికి బీజము వేసెను. 1993లో ఆరంభమైన డెబియను, 2004లో వెలువడిన ఉబుంటు దానిపై నిర్మింపబడినవే. వీని మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చుకొనవచ్చును, వెల చెల్లింపనక్కరలేదు.

వ్యవస్థ మారగానే మొదటి అవసరము బ్రౌజరు. బ్యాంకి లెక్క చూచుకొనుట, రైలు టికెట్టు కొనుట, పిల్లల పరీక్షాఫలితములు తెలిసికొనుట, అన్నియు అందులోనే. మన రహస్య సంకేతపదములను చేజేతుల దానికే అప్పగించుచున్నాము. కనుక బ్రౌజరును ఎట్లు స్థాపింపవలెను అను ప్రశ్నకంటె, ఎవరి చేతినుండి పుచ్చుకొనవలెను అను ప్రశ్నయే పెద్దదని మా అభిప్రాయము.

విండోసుకు అలవాటుపడినవారు ఇంటర్నెట్టులో వెదకి, కనబడిన మొదటి చోటినుండి ఒక ఫైలును దింపుకొందురు. లినక్సు పద్ధతి వేరు. డెబియనుకు సొంత భాండాగారము కలదు. వేలకొలది సాఫ్ట్‌వేర్లు పొట్లములుగా కట్టి అందుంచబడినవి. ప్రతి పొట్లమునకును గణితరీత్యా లెక్కగట్టిన ఒక సంఖ్య జాబితాలో ఉండును. పొట్లములో ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య సరిపడదు. జాబితాకు డెబియను వారి ఎలక్ట్రానిక్ సంతకము రక్షణ. బ్యాంకివారు ఖాతాదారుని నమూనా సంతకమును దాచుకొనునట్లు, ఈ సంతకమును సరిచూచుటకు కావలసిన నమూనా, వ్యవస్థను స్థాపించిన నాడే మన యంత్రములోనికి వచ్చి చేరును. మనము బ్రౌజరును కోరినప్పుడు ఆప్ట్ అను పరికరము సంతకమును, సంఖ్యను పోల్చి, రెండును సరిపడిననే పొట్లమును విప్పును.

ఆజ్ఞ చిన్నదే. టెర్మినల్ తెరచి, ఆంగ్లాక్షరములలో ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ అనియు, పిదప ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్-ఈఎస్ఆర్’ అనియు వ్రాసిన చాలును. సంకేతపదము అడుగును. డెబియనులో దానిని టైపు చేయుచుండగా తెరపై చుక్కయైనను కనబడదు. మీటలు చెడినవని కంగారుపడరాదు. స్థాపననాడు రూట్ అను సర్వాధికారికి వేరుగా సంకేతపదము పెట్టినవారికి, సుడో అధికారము లేదను జవాబు రావచ్చును. వారు ‘ఎస్‌యూ’ అని వ్రాసి, ఒక ఖాళీ విడిచి, చిన్న అడ్డగీత పెట్టి, రూట్ సంకేతపదము ఇచ్చి, సుడో అను మాట లేకుండ అదే ఆజ్ఞను వ్రాయవలెను. ఉబుంటులో 22.04 సంచికనుండి ఫైర్‌ఫాక్స్ స్నాప్ అను వేరు పద్ధతి పొట్లముగా వచ్చుచున్నది. దానిని కట్టునది మొజిల్లా సంస్థయే.

ఫైర్‌ఫాక్స్ పేరు వెనుక ఒక తగవు కలదు. పేరును, చిహ్నమును వాడుకొను విషయములో మొజిల్లాకును డెబియనుకును పొసగక, 2006లో డెబియను అదే బ్రౌజరును ఐస్‌వీజిల్ అని పిలిచినది. నిప్పునకు ఎదురుగా మంచును నిలిపిన ఆ పరిహాసము మాకు నచ్చినది. 2016లో పాత పేరే తిరిగి వచ్చినది.

గూగుల్ క్రోము మాట వేరు. దాని మూలరచన పూర్తిగా బహిరంగము కాదు గనుక డెబియను భాండాగారములో దొరకదు. గూగుల్ వారినుండి పొట్లము తెచ్చి స్థాపించినచో, అది వారి భాండాగారపు చిరునామాను, వారి నమూనా సంతకమును కూడ మన యంత్రములో చేర్చును. తరువాతి సవరణలు అందుటకు అది అవసరమే, తప్పు కాదు. కాని ఇంటికి మరియొక వర్తకుని వాడుక పెట్టుకొంటిమని ఎరిగి చేయవలెను. స్థాపించునప్పుడు పొట్లములోని ఆజ్ఞలు సర్వాధికారముతో నడచును.

లినక్సుకు ఏ చీడయు పట్టదని పలువురు చెప్పగా వినుచున్నాము. ఆర్చ్ లినక్సులో అధికార భాండాగారము గాక, వాడుకదారులు ఎవరికి వారు పొట్లముల తయారీ విధానములను ఉంచు ఏయూఆర్ అను చోటు కలదు. 2025 జూలై 16న అక్కడ ఫైర్‌ఫాక్స్, లిబర్‌వూల్ఫ్, జెన్ బ్రౌజర్లకు సవరణ చేసిన ప్రతులని తోచునట్లు పేర్లు పెట్టి మూడు పొట్లములను ఎవరో చేర్చిరి. యంత్రమును దూరమునుండి పరులు నడపుటకు వీలిచ్చు దుష్టసాధనము వానితో వచ్చుచుండెను. జూలై 18న నిర్వాహకులు వానిని తొలగించిరి. ఆ రెండు దినములలో ఎవరును గోడకు కన్నము వేయలేదు. స్థాపించిన గృహస్థే తలుపు తీసి లోనికి పిలిచినాడు.

నమూనా సంతకము వ్యవస్థతోనే వచ్చునంటిమి. ఆ వ్యవస్థ ప్రతియే కల్తీయైనచో? 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైటును దుండగులు వశపరచుకొని, దింపుకొనువారిని కల్తీ ప్రతివైపు మళ్లించిరి. కనుక ప్రతిని దింపుకొనిన వెంటనే, ప్రచురించిన సంఖ్యను దాని సంతకముతో సహా సరిచూచుకొనవలెను. కొద్ది నిమిషముల పని, చేయువారు అరుదు.

బ్రౌజరు తెరచినప్పుడు తెలుగు అక్షరములకు బదులు ఖాళీ గడులు కనబడినచో, ‘ఫాంట్స్-టెలు’ అను పొట్లమును అదే ఆజ్ఞతో తెప్పింపవలెను. ఫైర్‌ఫాక్స్ పట్టికలు సైతము తెలుగులో కావలెనన్నవారికి ‘ఫైర్‌ఫాక్స్-ఈఎస్ఆర్-ఎల్10ఎన్-టీఈ’ అను భాషా పొట్లము ఆ భాండాగారములోనే ఉన్నది.