పెరటి కోళ్లా, కౌజు పిట్టలా? ఇచ్చే ముందు ఒక లెక్క

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఏడాది ఉపాధి సాయం కింద కుట్టుమిషన్లతో పాటు పక్షులు కూడా ఇవ్వాలని కార్యవర్గం ఆలోచిస్తోంది. ఇంటికి రెండు వందల కౌజు పిట్టలు ఇద్దామని కొందరు, పెరటి కోళ్లు ఇద్దామని కొందరు అన్నారు. దీని మీద నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను పశువైద్యుణ్ణి కాను, బడిలో లెక్కలు చెప్పే పంతుల్ని. అందుకని ఈ విషయాన్ని కూడా లెక్కగానే మీ ముందు పెడతాను. ఎనిమిదో తరగతి పిల్లవాడికి వచ్చే లెక్కలే ఇవి.

ముందు ఒక సంగతి. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. 2022–23 ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశం మొత్తం గుడ్లలో దాదాపు 20 శాతం ఆంధ్రప్రదేశ్‌వి, 12 శాతానికి పైగా తెలంగాణవి. అంటే మూడు గుడ్లలో ఒకటి తెలుగు నేల మీదిదే. మనిషికి ఏడాదికి 180 గుడ్లు అవసరమని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఆ సంస్థ ఉన్నది హైదరాబాదులోనే. ఆ ఏడాది దేశంలో సగటున మనిషికి అందినవి 101. గుడ్లు పండే నేల మీదే ఉన్నాం. కానీ మనం సాయం చేయాలనుకుంటున్న ఇళ్లలో వారానికి ఎన్ని గుడ్లు ఉడుకుతున్నాయో మీకు తెలుసు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. కాబట్టి పక్షులు ఇవ్వడం మంచి ఆలోచనే. ఏ పక్షిని, ఎప్పుడు, ఎలా ఇవ్వాలన్నదే ప్రశ్న.

కౌజు పిట్ట సంగతి చూద్దాం. ఉర్దూలో బటేర్ అంటాం. మన్న, సల్వా అని జంటగా వినే మాటల్లో సల్వా ఈ జాతి పిట్టేనని పెద్దలు చెబుతారు. అయితే ఫారాల్లో పెంచేది జపాన్ కౌజు. 1974లో మన దేశానికి తెచ్చారు. ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌లో దాని మీద పరిశోధన జరిగింది. పొలాల్లో తిరిగే అడవి కౌజులు వేరు. వాటిని పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ తేడా మన వాళ్లందరికీ తెలియాలి.

జపాన్ కౌజులో మంచి గుణాలు చాలా ఉన్నాయి. గుడ్డు 17, 18 రోజుల్లో పిల్ల అవుతుంది. కోడికి 21 రోజులు. ఐదు వారాలకు కౌజు మాంసానికి సిద్ధం. ఆరేడు వారాలకు గుడ్లు మొదలు. ఒక కోడి నిలిచే చోట ఏడెనిమిది కౌజులు పడతాయి. ఇవన్నీ నిజాలే. అమ్మేవాళ్లు చెప్పేవీ ఇవే. వాళ్లు చెప్పనివి మూడు ఉన్నాయి.

మొదటిది, ఈ పిట్ట పెరట్లో తిరిగి మేయదు. వదిలితే ఎగిరిపోతుంది. పంజరంలోనే ఉండాలి, ప్రతి గింజా మనమే కొనిపెట్టాలి. ఇంట్లో మిగిలిన నూకలు, తౌడు వేస్తే చాలదు. చిన్న పిల్లలకు దాణాలో 24 శాతం దాకా మాంసకృత్తులు ఉండాలి. రెండోది, కొన్న పిల్లల్లో సుమారు సగం మగవి. రెండు వందల పిల్లలు ఇస్తే రెండు వందలూ గుడ్లు పెట్టవు. మూడు వారాలు దాటాక రొమ్ము ఈకలు ఎర్రమట్టి రంగులో ఉంటే మగది, నల్ల చుక్కలుంటే ఆడది. అంతకు ముందు మామూలు కంటికి తేడా తెలియదు. మూడోది, ఈ పిట్ట పొదగడం మరిచిపోయింది. యంత్రం లేకపోతే మళ్లీ పిల్లల్ని కొనాల్సిందే.

ఇప్పుడు లెక్క. ధరలు నేను ఊహగా వేస్తున్నాను, మీరు మీ ఊరి ధరలు వేసుకోండి. గుడ్లు పెట్టే కౌజులు 200 అనుకుందాం. పిట్ట రోజుకు 25 గ్రాముల దాణా తింటుంది. అన్నీ కలిపి 5 కిలోలు. కిలో 40 రూపాయలైతే రోజుకు 200 రూపాయలు. వందకు 70 చొప్పున పెడితే రోజుకు 140 గుడ్లు. ఒక్కోటి రెండున్నరకు అమ్మితే 350 రూపాయలు. మేత పోను 150 మిగులు. కాగితం మీద చాలా బాగుంది. సగం గుడ్లే అమ్ముడయ్యాయనుకోండి. వచ్చేది 175, మేతకు 200. ఆ రోజు నుంచి ఆ ఇల్లు పిట్టల్ని పోషిస్తుంది గానీ పిట్టలు ఇంటిని పోషించవు. మన బస్తీలో రోజూ 140 కౌజు గుడ్లు కొనేవారెవరు? హోటళ్లతో, దుకాణాలతో ముందే మాట కుదిరిన చోట కౌజు లాభమే. అలా కుదరని చోట అది రోజూ 200 రూపాయల అప్పు.

ఇంకో లెక్క కూడా చూడండి. ఫారం కోడి రోజుకు 110 గ్రాముల దాణా తింటుంది. ఏడాదికి 40 కిలోలు. 320 గుడ్లు, ఒక్కోటి 55 గ్రాములు, మొత్తం 17.6 కిలోలు. కిలో గుడ్డుకు దాదాపు రెండుంపావు కిలోల దాణా. కౌజు ఏడాదికి 9 కిలోలు తిని 250 గుడ్లు పెడితే, గుడ్డు 10 గ్రాములు కాబట్టి మొత్తం రెండున్నర కిలోలు. కిలో గుడ్డుకు మూడున్నర కిలోల పైనే దాణా. పిట్ట చిన్నది కాబట్టి ఖర్చు చిన్నదనుకుంటాం. కిలో లెక్కన చూస్తే ఖర్చు ఎక్కువ. అందుకే కౌజు ప్రత్యేకంగా కొనేవారి కోసం పెంచే పక్షి, పేద ఇంటి పళ్లెం కోసం కాదు.

పెరటి కోడి దగ్గరికి వద్దాం. మామూలు నాటు కోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం వారు పెరటి కోసమే వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు తయారు చేశారు. వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికొస్తుంది, పెరట్లో ఏడాదికి నూరు పైచిలుకు గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ గుడ్ల కోడి, 160 నుంచి 180 దాకా పెడుతుంది. ఇవి రంగు కోళ్లు, గుడ్డు కూడా గోధుమ రంగే. పురుగూ పుట్రా, గడ్డీ గింజా ఏరుకు తింటాయి. పైన రోజుకు 40 గ్రాముల నూకలు, తౌడు, గవ్వ సున్నం లేదా ఆల్చిప్పల పొడి కలిపి వేస్తే చాలు. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క మాత్రం ఉచితంగా దొరికినా వేయకూడదు. ఆ బూజులో విషం ఉంటుంది, అది కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

పది గ్రామప్రియ పెట్టల లెక్క వేద్దాం. రోజుకు 400 గ్రాముల మేత, కిలో 25 చొప్పున పది రూపాయలు. ఏడాదికి 3,650. గుడ్లు 1,600. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 180 చొప్పున 900 తింటారు. మిగతా 700 గుడ్లు ఎనిమిదేసి రూపాయలకు అమ్మితే 5,600. మేత ఖర్చు పోను 1,950 రూపాయలు. ఏడాదికి ఇంతేనా అని మీరు అడగవచ్చు. ఇంతే. కానీ ఇంటిల్లిపాదికీ రెండు రోజులకొక గుడ్డు ఉచితం. పిల్లి ఒకటి, కుక్క ఒకటి ఎత్తుకుపోయి ఎనిమిదే మిగిలాయనుకోండి. గుడ్లు 1,280, మేత 2,920. ఇంటికి 900 పోను 380 అమ్మితే 3,040 వస్తాయి. అప్పటికీ అప్పు లేదు. ఈ లెక్కలో నాకు నచ్చింది లాభం కాదు. ఏదైనా తప్పు జరిగినా ఆ తల్లి మునిగిపోదు, అదీ నాకు నచ్చింది.

మరి పెరటి కోళ్లు పంచిన చోట కూడా ఎందుకు పోతున్నాయి? నేను చూసిన ఒక ఊళ్లో చలికాలంలో ఇంటింటికీ యాభై ఒకరోజు పిల్లల్ని పంచారు. ఫొటోలు తీసుకున్నారు. వారం తిరిగేసరికి చాలా ఇళ్లలో డజను కూడా మిగల్లేదు. పుట్టిన మొదటి వారం పిల్లకు సుమారు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పిల్లలన్నీ బల్బు కిందికి చేరి ముద్దగా ఉంటే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి, గదంతా పరుచుకుంటే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి రెండుసార్లు లేచి చూడాలి. కరెంటు పోతే కుంపటి పెట్టాలి, పొగ రాకుండా చూసుకోవాలి. పొద్దుటే కూలికి పోయే తల్లి ఇదంతా ఎలా చేస్తుంది? కాబట్టి ఆరు వారాలు పెంచిన కోళ్లనే ఇవ్వాలి. ఆ ఆరు వారాలు పెంచే చోటును మదర్ యూనిట్ అంటారు. శిక్షణ తీసుకున్న ఒకరిద్దరు అక్కలకు ఆ పని అప్పగించి, దానికి కూలి మనం ఇద్దాం. చచ్చే పిల్లల నష్టం సంఘం ఖాతాలో పడాలి, పేద ఇంటి ఖాతాలో కాదు.

రెండోది టీకా. కొక్కెర తెగులు, అంటే రాణీఖేత్ వచ్చిందంటే వీధిలో కోళ్లన్నీ తుడిచిపెట్టుకు పోతాయి. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లోనో ముక్కులోనో లాసోటా చుక్క, రెండో వారంలో గంబోరో, నాలుగో వారంలో మళ్లీ లాసోటా, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ సూది. ఇంత తెలిసినా వేయించరు, ఎందుకు? టీకా సీసాలో వంద కోళ్లకో, అంతకంటే ఎక్కువకో సరిపడా మందు ఉంటుంది. కలిపాక గంట, రెండు గంటల్లో వాడెయ్యాలి. పది కోళ్ల కోసం సీసా ఎవరు విప్పుతారు? అందుకే ఒక బస్తీలో కోళ్లన్నిటికీ ఒకే రోజు వేయించాలి. మందు పశువుల ఆస్పత్రి నుంచి ఐసులో తెచ్చుకోవాలి. ఈ పని ఒక్క ఇల్లు చేయలేదు, సంఘం చేయగలదు. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది. మెడికల్ షాపు నుంచి మనుషుల మాత్రలు తెచ్చి నీళ్లలో కలిపితే డబ్బు పోతుందే గానీ తెగులు పోదు.

కౌజులకు రోగాలే రావని కూడా అంటుంటారు. తక్కువ అన్నమాట నిజం, రావన్నది నిజం కాదు. వాటి పేరుతోనే పిలిచే పేగుల పూత రోగం ఒకటి ఉంది. బర్డ్ ఫ్లూ వాటికీ వస్తుంది. కోళ్లనూ కౌజులనూ ఒకే కొట్టంలో ఉంచకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఏం జరిగిందో చూశాం. చచ్చిన కోళ్లను కాలువలో పడేస్తే రోగం ఊరూరా తిరుగుతుంది. లోతుగా గుంత తీసి సున్నం వేసి పూడ్చాలి, పశువుల డాక్టరు గారికి కబురు చేయాలి. జబ్బు కోడిని కోసి వండుకోవద్దు, అమ్మవద్దు. ఆరోగ్యమైన కోడి మాంసం, గుడ్డు బాగా ఉడికిస్తే భయం లేదు. 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ చస్తుంది.

చివరగా ఒక హెచ్చరిక. ఈము పక్షుల కథ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని కొనండి, పెంచండి, మేమే తిరిగి కొంటాం అన్నారు. జనం భూములు కుదువపెట్టి మరీ పెంచారు. మాంసం కొనేవాడు లేడు. కొత్తగా పెంచేవాళ్లకు పిల్లల్ని అమ్మడంలోనే డబ్బంతా తిరిగింది. కొత్తవాళ్లు రావడం ఆగిపోగానే 2012 ప్రాంతంలో అంతా కూలిపోయింది. మేత వేయలేక పక్షుల్ని వదిలేసినవాళ్లున్నారు. కౌజైనా, మరే పక్షైనా, అమ్మేవాడి లాభం ఎక్కడుందో చూడండి. మీరు పెంచినదాన్ని ఊరికి అమ్మడంలో ఉంటే మంచిదే. మీకు పిల్లల్ని అమ్మడంలోనే ఉంటే చేయి వెనక్కి తీసుకోండి.

కాబట్టి నా మనవి ఇది. ఈ ఏడాది కౌజులు వద్దు. కొనే హోటలు ఒకటి రాతపూర్వకంగా ముందుకొస్తే, ఒకే ఒక్క యూనిట్ పెట్టి ఏడాది చూద్దాం. పెరడు ఉన్న ఇళ్లకు ఆరు వారాలు దాటిన, టీకాలు పడిన పది గ్రామప్రియ కోళ్లు ఇద్దాం. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, పెట్టలే చాలు. అవి కూడా సరిగ్గా పొదగవు, ఏడాదిన్నర తర్వాత కొత్త పిల్లలు కావాలి. ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టాలి. పెరడు లేని ఇంటికి కోళ్లు ఇవ్వొద్దు, కుట్టుమిషనే ఇద్దాం. వేసవిలో నీడ, రోజుకు మూడుసార్లు చల్లటి నీళ్లు, రాత్రికి పిల్లి, ముంగిస దూరని గూడు ఉండాలి. ఇవి ఉన్నాయని చూశాకే కోళ్లు ఆ గడప తొక్కాలి.

ప్రతి ఇంటికీ కోళ్లతో పాటు ఒక నోటు పుస్తకం ఇద్దాం. ఈ రోజు ఎన్ని గుడ్లు, ఎన్ని తిన్నాం, ఎన్ని అమ్మాం, మేతకెంత అని ఇంట్లో చదువుకునే బిడ్డ రాస్తుంది. నెలకోసారి నేనూ, మా బడి ఉపాధ్యాయ మిత్రులూ ఆ పుస్తకాలు చూస్తాం. వచ్చే ఏడాది ఇదే సభలో ఆ లెక్కలు చదివి వినిపిద్దాం. ఎన్ని కోళ్లు పంచామన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నది, ఎన్ని గుడ్లు పిల్లల కడుపులోకి వెళ్లాయన్నది చదువుదాం. మనకు జకాత్, చందా ఇచ్చినవారికి మనం అప్పజెప్పాల్సిన లెక్క అదే.