నేను చూచిన నాలుగు పెండ్లి కథలు



ఈ మధ్య నేను వరుసగా చూచిన కొన్ని తెలుగు చిత్రములను గూర్చి నా అభిప్రాయములు చెప్పవలసినదని కార్యవర్గమువారు కోరినారు. ఆ చిత్రములు నాలుగు: మల్లీశ్వరి (1951), మిస్సమ్మ (1955), కన్యాశుల్కం (1955), మాయాబజార్ (1957). నేను విమర్శకుడను కాను, ప్రేక్షకుడను మాత్రమే. ఒకటి రాయలనాటి కథ, ఒకటి సాంఘిక హాస్యము, ఒకటి ప్రసిద్ధ నాటకమునకు చిత్రరూపము, ఒకటి పౌరాణికము. ఇంత భేదమున్నను నాల్గింటిని దగ్గర దగ్గరగా చూచిన వానికి ఒకే ప్రశ్న వినిపించును: పెండ్లిని నిశ్చయించునది మనసా, ధనమా?

మొదట మల్లీశ్వరి. బి.ఎన్. రెడ్డిగారి దర్శకత్వము, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి రచన, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతము, భానుమతిగారి గానము — వీనిని మెచ్చనివారు లేరు. నన్ను మాత్రము ఎక్కువగా ఆలోచింపజేసినది మల్లి తల్లి నాగమ్మ పాత్ర. నాగరాజు పేదవాడని ఆమె పిల్లనీయ నిరాకరించినది. అతడు ధనము సంపాదించుటకై ఊరు విడిచినాడు. అతడు తిరిగి వచ్చులోపల రాణివాసపు పల్లకి వచ్చి మల్లిని కొనిపోయినది. పల్లకి పంపుమని మారువేషములోనున్న రాయలతో పరిహాసమాడినవాడు నాగరాజే. కాని బిడ్డను అందులో కూర్చుండబెట్టినది తల్లి ఆశ. ఆ ఆశలో తన బిడ్డ సుఖపడవలెనన్న కోరికయు కలిసియున్నది గనుకనే ఆ పాత్ర మన ఇండ్లలోని మనిషివలె తోచును.

ఇక కన్యాశుల్కం. గురజాడ అప్పారావుగారి నాటకము 1892లో మొదట ప్రదర్శింపబడినది, 1897లో అచ్చైనది. దానిని పి. పుల్లయ్యగారు తెరకెక్కించినారు. ముక్కుపచ్చలారని సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు తండ్రియే అమ్మజూపుట ఇందలి మూలకథ. ఎన్.టి. రామారావుగారి గిరీశమునందు కథానాయకుని ఆకర్షణ అధికమై, నాటకములోని వంచకుని పదును కొంత తగ్గినదని నాకు తోచినది. సావిత్రిగారి మధురవాణి మాత్రము నాటకమునకు నిండుగా న్యాయము చేసినది. సంఘము వెలయాలని పిలిచినదానికి ఆ పసిదానిపై జాలి కలిగినది. వేదము చదివిన తండ్రికి కలుగలేదు.

మిస్సమ్మ నవ్వించు చిత్రము. అయినను ఆ నవ్వునకు మూలము నిరుద్యోగము. బడిలో ఉపాధ్యాయులుగా దంపతులే కావలెనన్నారు. ఉద్యోగము కొరకు ఎం.టి. రావు, మేరీ భార్యాభర్తలుగా నటించినారు. మేరీకి డేవిడ్ బాకీ తీర్చవలసిన అగత్యమున్నది. ఆ బాకీని అడ్డుపెట్టుకొని ఆమెను పెండ్లాడవలెనని అతని పన్నుగడ. ఇంతవరకు ఎల్.వి. ప్రసాదుగారు కథను అతి సున్నితముగా నడిపినారు. ముగింపు విషయమున నాకొక అసంతృప్తి కలదు. మేరీ చిన్ననాడు తప్పిపోయిన జమీందారుగారి కుమార్తెయని తేలుటతో మతభేదమను చిక్కు దానంతట అదియే విడిపోయినది. ఆమె మేరీగానే యుండియుండిన ఆ పెండ్లి జరిగెడిదా? ఈ ప్రశ్నకు చిత్రము సమాధానమీయక తప్పించుకొన్నది.

మాయాబజార్‌ను గూర్చి చెప్పుటకు మాటలు చాలవు. కె.వి. రెడ్డిగారి కథనము, పింగళి నాగేంద్రరావుగారి సంభాషణలు, మార్కస్ బార్ట్లేగారి ఛాయాగ్రహణము ఒకదానిని మించినది మరియొకటి. మాయా శశిరేఖగా సావిత్రిగారు ఘటోత్కచుని ఠీవిని అభినయించిన తీరు మరువరానిది. ఇందులోనూ ధనమే కథను నడుపును. పసితనములోనే అభిమన్యునకిత్తుమన్న పిల్లను, పాండవులు రాజ్యము పోగొట్టుకొనగానే లక్ష్మణకుమారునకు నిశ్చయించినారు. చిత్రమంతటను పాండవులు తెరపై కనబడరు. సిరిపోయిన బంధువులు మన శుభకార్యములలో ఇట్లే కనబడకుండ పోవుదురు గదా యని నాకు అనిపించినది.

సభాసదులారా! ఈ కథలు చూచి మనము నాగమ్మను కోపగించుకొందుము, లుబ్ధావధాన్లను పరిహసింతుము, లక్ష్మణకుమారుని చూచి నవ్వుదుము. కాని మన పిల్లల సంబంధములు మాటలాడునప్పుడు మనమే పాత్రను ధరించుచున్నాము? కన్యకు వెలకట్టిన దురాచారము పోయి వరునకు వెలకట్టు దురాచారము వచ్చినది. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. కేంద్ర ప్రభుత్వోద్యోగి కట్నము ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు తగదని మన ప్రవర్తనా నియమావళిలో 13-ఎ నియమము స్పష్టముగా చెప్పుచున్నది. అయినను స్థిరమైన ఉద్యోగము, పింఛను, ప్రభుత్వ గృహము అను మాటలు పెండ్లి బేరములో వెలను పెంచుటకే ఉపయోగపడుచుండుట మనము ఎరుగనిది కాదు. స్వస్థలమునకు దూరముగానున్న మనకు సంబంధములు కుదురుట కష్టమనుమాట నిజమే. ఆ కష్టము బేరమునకు సాకు కారాదు.

మంచి చిత్రము మనలను నవ్వించి పంపివేయదు. ఇంటికి వచ్చి మనతో కూర్చుండును. ఈ నాలుగు చిత్రములును అట్టివి. పెండ్లి కావలసిన పిల్లలున్నవారు వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వీనిని మరియొకమారు చూడవలెనని నా మనవి. చూచిన పిమ్మట ఆ పిల్లలు మనలను ఏమైన అడిగినచో, మిస్సమ్మ వలె తప్పించుకొనక సమాధానము చెప్పుదము.