తామారును ఎవరు అడిగారు?



ఏళ్ల తరబడి సండే స్కూల్ నడిపిన టీచరమ్మ గారి పేరిట జరుగుతున్న ఉపన్యాసమిది. సమూయేలు రెండవ గ్రంథం 13వ అధ్యాయం సండే స్కూల్లో చెప్పే కథ కాదు. పెద్దలకైనా చెప్పుకున్నామా? గొల్యాతుకు తగిలిన రాయి మన పుల్పిట్ మీద ఎన్నిసార్లు దొర్లిందో! తామారు పేరు మాత్రం వినబడదు.

దావీదు రాజు కొడుకు అమ్నోను చెల్లెలు తామారును చెరిచాడు. ఆమె ఇంకో అన్న అబ్షాలోము ఆమెను ఊరుకోమన్నాడు, వాడూ అన్నే కదా అన్నాడు. దావీదుకు కోపం వచ్చింది, అంతే. రెండేళ్లకు అబ్షాలోము పగ తీర్చుకున్నాడు, ఇల్లు చీలిపోయింది. ఇంత జరిగినా తామారును ‘నీకేం కావాలమ్మా’ అని అడిగినవాళ్లు ఆ కథలో లేరు.

పాస్టరు మీద ఇలాంటి ఆరోపణ వస్తే మన సంఘాల పద్ధతి చూడండి. బాధితురాలిని పెద్దగారింట్లో గేటు వేసి కూర్చోబెడతారు. పాస్టరు గారు మోకాళ్లూని కన్నీళ్లు పెట్టుకుంటారు. ‘అభిషిక్తుణ్ణి కోర్టుకీడుస్తామా’ అంటారొకరు. ‘పెళ్లి కావాల్సిన పిల్ల, మీకే నష్టం’ అంటారింకొకరు. ప్రార్థన చేసి ఆమెతో ఆమేన్ అనిపిస్తారు. ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం ఆ పాస్టరు చేతి మీదుగానే ఆమె రొట్టె తీసుకోవాలి. తీసుకోకపోతే, ‘ఇంకా క్షమించలేదు’ అంటారు. ఇలా పిండుకున్న క్షమకు పైసా విలువ లేదని నా అభిప్రాయం.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో, ఆడైనా మగైనా, ఈ పంచాయితీకి చోటే లేదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నేరం సంగతి తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. పాస్టరుకూ, హాస్టల్ వార్డెన్‌కూ మినహాయింపు లేదు. చెప్పకపోతే 6 నెలల దాకా, కింది ఉద్యోగి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు. బిడ్డ స్టేషన్ మెట్లెక్కనక్కర్లేదు. వాంగ్మూలం ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి రాసుకోవాలి. వయసొచ్చిన ఆడపడుచైతే ఫిర్యాదు ఆమె ఇష్టం. తొందరపెట్టకూడదు, ఆపకూడదు.

కేసు పెట్టినంతమాత్రాన పనైపోదు. కేరళలోని కొట్టియూర్‌లో మైనరు బాలిక 2017లో బిడ్డను కన్నది. కేసు పారిష్ ఫాదర్ మీద. విచారణలో ఆమె, తల్లిదండ్రులు అడ్డం తిరిగారు. డీఎన్ఏ పరీక్ష మాత్రం నిలబడింది. 2019లో ఆ ఫాదర్‌కు 20 ఏళ్ల శిక్ష పడింది. 2021లో అతన్నే పెళ్లాడనివ్వమని ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది, కోర్టు ఒప్పుకోలేదు. ఆమెను తప్పుపట్టడం తేలిక. చేతిలో బిడ్డ, ఎదురుగా ఊరు: ఆ పిల్లకు ఇంకే దారులున్నాయో ముందు చూడాలి.

ఆరోపణ వచ్చిన రోజే పాస్టరు పుల్పిట్ దిగాలి, విచారణ తేలేదాకా ఎక్కకూడదు. ఇంకో ఊరికి బదిలీ చేస్తే ఆ ఊరి పిల్లల్ని ఎవరు కాస్తారు? బాధితురాలి పేరు ప్రార్థన విన్నపాల్లోకి రాకూడదు. వాట్సాప్‌లో ‘ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి’ అన్నా ఊరంతా పాకుతుంది. కోర్టు వాయిదాలకు తోడు వెళ్లే అక్కను ఆమే ఎంచుకోవాలి.

వాయిదా అంటే ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం. క్రిస్మస్ స్టార్లకూ, కన్వెన్షన్ మైకులకూ పద్దు రాసే మన కమిటీలు వీటికీ పద్దు రాయాలని అడుగుతున్నాను, వచ్చే ఏప్రిల్ బడ్జెట్‌లోనే. ఆ పద్దులో ఆమె పేరు ఉండనక్కర్లేదు. రసీదులూ అడగకండి.