వెన్ను ఆపరేషన్‌కూ తక్‌పట్టీ అడుగుదాం
(మండల రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం తరగతిలో ఆసుపత్రి బిల్లుల మాటెందుకని కొందరికి అనిపించవచ్చు. అప్పు ఎందుకు చేశావని మన ఊళ్లో ఎవరినడిగినా విత్తనం, ఎరువు, కౌలుతో పాటు ఆసుపత్రి పేరు కూడా చెబుతారు. బస్తాలు మోసేవాళ్లకు, వంగి నాట్లేసేవాళ్లకు, గతుకుల్లో ట్రాక్టరు తోలేవాళ్లకు నడుం నొప్పి కొత్త కాదు. ఆపరేషన్ దాకా వెళ్తే ఎకరమో అరెకరమో కదులుతుంది.

మార్కెట్ యార్డులో మనం తక్‌పట్టీ అడుగుతాం. తూకం ఎంత, హమాలీ ఎంత, దేనికెంత కోశారు, అన్నీ కాగితం మీద ఉండాలంటాం. లక్షల్లో తేలే ఆపరేషన్ దగ్గర మాత్రం నసుగుతాం. "చేశాకగానీ చెప్పలేం, ముందు అడ్వాన్సు కట్టండి" అంటే కట్టేస్తాం.

చెప్పలేమన్నది నిజం కాదు. ఆరోగ్యశ్రీలో, ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నదానిలో, జాబితాలో ఉన్న ప్రతి ఆపరేషన్‌కూ ముందే ప్యాకేజీ ఖరారై ఉంటుంది. పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు ఆ రేటుకు ఒప్పుకునే చేస్తున్నాయి. ఆ రేటు చాలదని, బకాయిలు సకాలంలో రావని యాజమాన్యాలంటాయి. బకాయిల మాటలో నిజముంది. అది ప్రభుత్వంతో తేల్చుకోవాల్సిన లెక్క, రోగి మీద వేసేది కాదు. ఐసీయూలో రెండు రోజులు ఎక్కువ పడుతుందేమో అన్న అనుమానముంటే ఇంత నుంచి ఇంత దాకా అని రాసివ్వొచ్చు.

అసలు కిటుకు స్క్రూల దగ్గరుంది. వెన్నుపూసలు రెండింటిని కలిపి బిగించే ఆపరేషన్‌లో మామూలుగా నాలుగు స్క్రూలు, రెండు కడ్డీలు పడతాయి. కొందరికి మధ్యలో కేజ్ అనే చిన్న దిమ్మె కూడా పెడతారు. గుండె స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి కీళ్లకు అదే ఏడు ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధర కట్టింది. వెన్ను స్క్రూలకు అలా కట్టలేదు. 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాల ఎమ్మార్పీని ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదన్న నిబంధన మాత్రం ఉంది. మొదటే ఎక్కువ వేసుకుంటే ఆ పది శాతం ఎవరిని ఆపుతుంది? ఆసుపత్రి కొన్న ధర వేరు, డబ్బా మీద అచ్చేసింది వేరు. బిల్లులో పడేది అచ్చేసిందే. కాబట్టి "ఇంప్లాంట్ ఖర్చు" అని ఒక్క ముక్కలో రాస్తే ఒప్పుకోవద్దు. కంపెనీ, రకం, ఎన్ని, ఒక్కోటి ఎంత అని విడివిడిగా రాయించుకోండి. డబ్బాల మీది స్టిక్కర్లు కేసు షీటుకు అంటించమనండి. ఆపరేషన్ తర్వాత తీసిన ఎక్స్‌రేలో స్క్రూలు తెల్లగా కనబడతాయి. వాటిని లెక్కపెట్టడానికి డాక్టరు చదువు అక్కర్లేదు.

ఇది మన గొంతెమ్మ కోరిక కాదు. తెలంగాణలో అమలులో ఉన్న 2010 కేంద్ర చట్టం కింద వచ్చిన 2012 నిబంధనలు రేట్లను స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ అందరికీ కనిపించేలా పెట్టమన్నాయి. అంటే తెలుగులో. ఆ బోర్డు ఎన్ని చోట్ల చూశారు? ప్రభుత్వాలు రేట్ల పరిధి ఖరారు చేయాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. పన్నెండేళ్లు గడిచినా అది జరగలేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని నిలదీసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో రేట్లు తెలుసుకునే హక్కు, రికార్డుల నకలు పొందే హక్కు, మరో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు ఉన్నాయి.

ఆ చివరిది ముఖ్యం. డిస్కు నొప్పులు చాలావరకు కొన్ని వారాల్లో మందులతో, వ్యాయామంతో తగ్గుతాయి. అడిగి, విచారించి, నాలుగు చోట్ల రేటు కనుక్కునే వ్యవధి ఉంటుంది. కాళ్లలో బలం తగ్గిపోతున్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా మాత్రం బేరాలు పెట్టుకోకుండా వెంటనే వెళ్లాలి.

ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఆసుపత్రిలో ముందు ఆరోగ్యమిత్ర దగ్గరికే వెళ్లండి. పథకం కింద చేస్తూ పైన డబ్బడిగితే రసీదు అడగండి, 104కి ఫిర్యాదు చేయండి.

గత రెండేళ్లలో మీ ఇళ్లలో నడుం ఆపరేషన్ అయినవాళ్లుంటే బిల్లు, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. పేర్లు కొట్టేసి, ఒకే రకం ఆపరేషన్‌కు ఏ ఆసుపత్రి ఎంత వేసిందో పక్కపక్కన రాస్తాం. ఆ పట్టికతో కలెక్టరునూ, జిల్లా వైద్యాధికారినీ కలిసి, తెలుగులో రేట్ల బోర్డులు ఎప్పుడు పెట్టిస్తారో తేదీ అడుగుతాం.