గాజు కిటికీలు – పిట్టల ప్రాణములు
(రుద్రంగి గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మేము నేడు చెప్పబోవు విషయము మురుగు కాలువల వలె, వీధి దీపముల వలె మీ సమావేశములందు తరచుగా వచ్చునది కాదు. క్రొత్త యిండ్లకు అనుమతి యిచ్చునపుడు గాజును గూర్చి యొక షరతు చేర్చవలెనని కోరుటకు వచ్చితిమి. “పిట్టల కొరకు కూడ నిబంధనయా?” యని వెనుక వరుసవారు నవ్వుకొనుచుండవచ్చును. నవ్వుడు, పిదప వినుడు.

రుద్రంగి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో వెనుకటి యిండ్లకు పెంకుల కప్పు, మట్టి గోడ, చిన్న కిటికీ యుండెడివి. గల్ఫు దేశములందు చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ముతో నేడు లేచుచున్న మేడలకు నిలువెత్తు గాజు పలకలు, రంగు టద్దములు వచ్చినవి. కష్టించినవాడు ఇంట వెలుతురు కోరుటలో తప్పు లేదు. కాని ఆ గాజులో పెరటి వేపచెట్టు, దాని పైని ఆకాశము నిజమైన వాని వలెనే కనబడును. చట్రమును, గడియను జూచి అది గాజని మనము తెలిసికొందుము. పిట్టకు ఆ యెరుక లేదు. చెట్టున వాలబోయి గాజును గుద్దుకొనును. ఎదురెదురుగా రెండు కిటికీలున్నచో ఆవలి వెలుతురును జూచి దారి యున్నదని భ్రమించును. కొన్ని అక్కడనే పడిపోవును. కొన్ని యెగిరిపోయినను లోపలి దెబ్బచే పిమ్మట చచ్చును. పడినదానిని పిల్లియో కాకియో యెత్తుకొనిపోవును. కావుననే “మా యింట ఇట్టిది జరుగలేదు” అని మనము తృప్తి పడుచుందుము.

మోటారు సైకిలు అద్దమును పిచ్చుక పొడుచుట వేరు సంగతి. అది తన నీడను పోటీదారుగా నెంచి చేయు కయ్యము. అద్దముపై గుడ్డ కప్పినచో ముగియును.

ఇది ఆకాశమంటు భవనములుగల మహానగరముల బెడద గదా యని మీ రనవచ్చును. 2014లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన అంచనా ప్రకారము ఆ దేశమున ఏటా 36.5 కోట్ల నుండి 98.8 కోట్ల వరకు పక్షులు కట్టడములను గుద్దుకొని చనిపోవుచున్నవి. అందు మిక్కిలి యెత్తైన మేడల వాటా నూటికి ఒకటి కంటె తక్కువ. మూడంతస్తుల లోపు నివాస గృహముల వాటా నూటికి 44. మిగిలినదంతయు పదునొకండు అంతస్తులకు మించని యితర భవనములది. పిట్టలు చెట్టెత్తున తిరుగును. మన మేడలును చెట్టెత్తుననే యున్నవి.

పొన్నంకి పిట్టను మీలో కొందరు చూచియుందురు. ఆకుపచ్చ వీపు, నీలి రెక్క, తోక క్రింద ఎరుపు. 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియెయో దాని కులమునకు “పిట్టా” యని పేరిడెను. అది మన తెలుగు మాటయే! ప్రపంచ శాస్త్రగ్రంథములకు మన భాష యిచ్చిన పేరది. హిమాలయ పాదములందును, మధ్య భారతపు టడవులందును గూడు కట్టి, చలికాలమునకు దక్షిణమునకు, సింహళము వరకును రాత్రివేళ పయనించును. అలసి తెల్లవారునప్పటికి ఇండ్లలోనికి వచ్చి పడుటయు కలదు. అంత దూరము వచ్చినది మన గాజు చెంత ప్రాణము విడుచుట మాకు బాధ కలిగించుచున్నది.

దీనికి విరుగుడు కలదు. 2023 అక్టోబరు 5వ తేదీన అమెరికాలోని చికాగోలో ఒక్క సభాభవనపు గాజులను గుద్దుకొని దాదాపు వేయి పక్షులు చచ్చెను. మరుసటి యేట ఆ గాజులపై చుక్కల పొర నంటించిరి. ఆ శరదృతువున మరణములు నూటికి 95 వంతుల వరకు తగ్గినవి. కెనడాలోని టొరంటో నగరము 2010 నుండియే క్రొత్త కట్టడములకు ఇట్టి నియమమును విధించినది. న్యూయార్కు నగరసభ 2019లో చేసిన శాసనము ప్రకారము క్రొత్త భవనములందు నేల నుండి 75 అడుగుల వరకు గల గాజులో కనీసము నూటికి 90 వంతులు పక్షులకు కనబడునట్లు ఉండవలెను.

చుక్కలనగా మన ఆడపడుచులకు వేరుగ చెప్పనక్కరలేదు. చుక్కకు చుక్కకు నడుమ రెండంగుళములకు మించరాదు. గాజు వెలుపలి వైపుననే యుండవలెను. లోపల పెట్టినచో వెలుపలి ప్రతిబింబము వానిని కప్పివేయును. మన కిటికీల యినుప చువ్వలు తరచుగా గాజునకు లోపలనే యుండుటచే ఈ పనికి చాలవు. గాజుపై నొక్క డేగ బొమ్మ నంటించి యూరకుండుటయు వ్యర్థము, పిట్ట ఆ బొమ్మను తప్పించుకొని ప్రక్కనే గుద్దుకొనును. సున్నపు చుక్కలు చవుక గాని వానకు కరగును. నాలుగంగుళముల కొకటిగా గట్టి త్రాళ్లను గాజు ముందు వ్రేలాడగట్టినను చాలును. సిరిసిల్ల మరమగ్గముల చెంత నున్నవారికి దారపు కరవా!

అన్నిటికంటె మాకు నచ్చినది దోమల జాలి. గాజునకు వెలుపల బిగించినచో ప్రతిబింబమును చెరచును, పిట్ట తగిలినను దెబ్బ మెత్తబడును. దోమలను రానీయక డెంగీ, మలేరియాల నుండి పిల్లలను కాచును. ఇల్లు కట్టునపుడే బిగించిన ఖర్చు స్వల్పము. పిదప నిచ్చెన వేసి బిగించుట శ్రమ. కనుకనే అనుమతి నాడే ఈ మాట చెప్పవలెనని మా పట్టుదల.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము క్రింద గ్రామమున ఇంటి అనుమతి మీ చేతులమీదుగానే జరుగుచున్నది. గ్రామసభలో చర్చించి, మండల పంచాయతీ అధికారి సలహా తీసికొని తీర్మానింపుడు: చెట్లకు గాని చెరువునకు గాని ఎదురుగా నుండు గోడలకు మెరుపు టద్దము వాడరాదు, పెద్ద గాజు పలకలకు వెలుపల చుక్కలో, జాలియో ఉండవలెను. ఇదివరకు కట్టుకొన్నవారిని నిర్బంధింపవలదు. వారికి నచ్చజెప్పిన చాలును. జరిమానా మాటయు మొదట వలదు. జరిమానాతో మొదలైన నియమమును జనులు తప్పించుకొను దారులే వెదకుదురు. ముందుగా బడికిని పంచాయతీ కార్యాలయమునకును మీరే బిగించి చూపినచో తక్కినవారు అడుగకయే వత్తురు.

పంట యింటికి వచ్చిన పిదప వరి కంకులను కుచ్చులుగా అల్లి పిచ్చుకల కొరకు వసారాలో వ్రేలాడగట్టు ఆచారము మనకు కలదు. దసరానాడు పాలపిట్టను చూచుటకు పొలిమేర దాటి పోవుదుము.

ఒకవేళ పిట్ట గాజును తాకి సొమ్మసిల్లి పడియుండిన, గాలి రంధ్రములు గల అట్టపెట్టెలో నుంచి, చీకటి చోట గంట రెండు గంటలు కదలింపక ఉంచుడు. నోట నీరు పోయకుడు, గింజలు కుక్కకుడు. తేరుకొన్నచో ఆరుబయట పెట్టె మూత తీయుడు. తేరుకొననిచో అటవీశాఖవారికి తెలుపుడు.

తీర్మానపు ముసాయిదాను వ్రాసి తెచ్చితిమి. దానిని కార్యదర్శిగారికి అప్పగించుచున్నాము. మేస్త్రీలను, వడ్రంగులను కూడ పిలిచి చదివించి, పనికిరాని మాటలున్నచో కొట్టివేయుడు.