బోధను బెల్లము, బ్రౌన్ ఏలు

మద్యమును గురించి రేడియోలో మాటాడుట మాకు కొంత సంకోచము కలిగించిన పని. గుడుంబా వలనను, కల్తీ కల్లు వలనను కలిగిన కీడును ఎరుగని ఊరు మా నిజామాబాదు ప్రాంతమున అరుదు. అయినను ఈ ప్రసంగము తాగుటను గురించి కాదు. ఒక పానీయమునకు పాళ్లు కుదుర్చుట ఎట్లు అను శాస్త్ర విషయమును, ఆ పాళ్ల నిమిత్తమై ఒక తండ్రియు కొడుకును ఎట్లు మరల మాటాడుకొనిరి అను లోకవిషయమును కలిపి మనవి చేయదలచినాము.

మా మిత్రులొకరు బోధనులో, చక్కెర కర్మాగారపు ప్రయోగశాలలో రసాయనికులుగా పనిచేసినారు. మంజీరపై 1931లో నిజాంసాగరు పూర్తి అయినది. ఆ నీటితో చెఱకు పెరిగినది. 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును శక్కర్‌నగర్ అను పేట ఏర్పడినది. క్రషింగు సీజనులో ఆ పేటలో గాలి అంతయు మరుగుచున్న రసపు వాసన, మడ్డి వాసన. మిత్రుని కుమారుడు ఆ వాసనలో పుట్టి పెరిగినవాడే. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. మిత్రులు తాము సొంతముగా కొనుక్కొన్న బ్రిక్సు హైడ్రోమీటరును గుడ్డలో చుట్టుకొని ఇంటికి తెచ్చుకొన్నారు. కుమారుడు అప్పటికే అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రమున ఉద్యోగములో ఉన్నాడు.

ఆ దేశమున ఇంటిలో బీరు కాచుకొనుట నేరము కాదు. 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము ప్రకారము పెద్దవాడొక్కడే ఉన్న యింట ఏటికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకు మించియో ఉన్న యింట 200 గ్యాలన్లు సొంతమునకు కాచుకొనవచ్చును, అమ్మరాదు. సారాయి దించుట మాత్రము అక్కడను నేరమే. ఇంగ్లండులో ఇంటి కాపునకు లైసెన్సు అవసరము 1963లో తొలగినది. మన యెడల అట్లు కాదు. 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము అనుమతి లేక మత్తుపానీయము తయారుచేయుట నేరము. కావున ఇక్కడ మేము చెప్పబోవు కొలతలు వినుటకే గాని చేయుటకు కావని ముందుగానే మనవి.

కుమారుడు కాచదలచినది బ్రౌన్ ఏలు. ఇది ఇంగ్లండు నుండి వచ్చిన గోధుమరంగు పానీయము. న్యూకాసిల్ బ్రౌన్ ఏలు 1927లో బజారుకు వచ్చినది. ఇంగ్లీషువారి పద్ధతిలో అది మెత్తని రుచి గలది, చేదు తక్కువ. అమెరికావారు దానికే హాప్ పూలను ఎక్కువగా చేర్చి చేదును, పూల పరిమళమును పెంచినారు. 1972లో విడుదలయిన కాస్కేడ్ అను హాపు రకము ఈ మార్పునకు బాగుగా ఉపకరించినది. మన కుఱ్ఱవాడు దీనికి మూడవ మెట్టు కట్టదలచినాడు: అందులో బోధను రుచి ఉండవలెనట. మాకు ఉత్తరము వ్రాసినాడు. “కాకా, ఒక్క రెండు కిలోల బెల్లం పంపించండి. బాపుకు మాత్రం చెప్పకండి.”

బాపుకు చెప్పవద్దనుటకు కారణము మాకు తెలియును. మిత్రుని తమ్ముడు గుడుంబాకు బలియైనాడు. నల్లబెల్లము, పటిక, నీరు ఒక కుండలో కలిపి పులియబెట్టి దించిన ద్రవమే గుడుంబా. దానికి కొలత లేదు, పరీక్ష లేదు, ఎంత ఘాటు అన్నది దించినవానికే తెలియదు. ఆ చావు తరువాత మిత్రుల యింట బీరు మాట ఎత్తినవారు లేరు. కొడుకు కాపు మొదలుపెట్టెనని విని ఆయన రెండేండ్లు ఆ విషయమున ఒక్క ప్రశ్నయు అడుగలేదు. అడుగకపోవుటయే ఆయన కోపము.

మేము దాచలేకపోయినాము. ఉత్తరమును మిత్రుల చేతికిచ్చినాము. కుఱ్ఱవాడు తన మొదటి కాపు లెక్కను కూడ అందులో వ్రాసినాడు. 20 లీటర్లకు 3 కిలోల లేతరంగు మాల్టు, కిలోన్నర బెల్లము. అమెరికాలో భారతీయుల దుకాణమున దొరకిన పసుపుపచ్చ బెల్లమది. పులియుటకు ముందు 14.5 బ్రిక్సు, పులిసిన పిదప 2. “బెల్లం రుచే రాలేదు, నీళ్ల తీరుగ పలుచగ ఉన్నది, మత్తు మాత్రం ఎక్కువైంది” అని వాపోయినాడు.

మిత్రులు కళ్లద్దాలు పెట్టుకొని ఆ అంకెలను రెండుసార్లు చదివినారు. మాతో ఇట్లన్నారు: “వీనికి చక్కెర సంగతే తెల్వదు. చక్కెరను ఈస్టు తింటది. మిగిలేది మడ్డి గుణమే.”

శ్రోతలారా, పాళ్లు కుదుర్చు విద్యకు ఈ ఒక్క మాట మూలము. మాల్టు అనగా మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యము. మన రాగిమాల్టు వంటిదే, ఇది బార్లీది. మొలక వచ్చునప్పుడు గింజలో ఎంజైములు పుట్టును. మాల్టును నలిపి 67 డిగ్రీల వేడినీటిలో ఒక గంట నానబెట్టినచో ఆ ఎంజైములు పిండిపదార్థమును చక్కెరలుగా విడగొట్టును. వానిలో కొన్నిటిని ఈస్టు తినును, కొన్నిటిని తినలేదు. తినలేనివి పానీయమున మిగిలి నోటికి చిక్కదనము నిచ్చును. చెఱకు చక్కెర అట్లు కాదు. దాదాపు పూర్తిగా ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు అయిపోవును. కావున బెల్లము పెంచిన కొలది తీపి పెరుగదు. మత్తు పెరుగును, చిక్కదనము తరుగును. బెల్లములో ఈస్టు ముట్టనివి లవణములు, రంగు, పాకపు వాసన. ఇవి పిడికెడు చాలును.

మత్తు పెరిగి రుచి తరిగిన ద్రవము ఏదో మిత్రులకు చెప్పనక్కరలేదు. ఆ కాగితమును బల్లపై పెట్టి చాలసేపు ఊరకున్నారు. తరువాత ఒక పాత లాగ్‌బుక్కులో మిగిలిన ఖాళీ పుట చింపి లెక్క వేయుటకు ఆరంభించినారు.

ఆయన చేసిన క్రమము ఇది. మొదట చివరి గ్లాసును తలచుకొనవలెను. రంగు ఎట్లుండవలెను, చేదు ఎంత, ఘాటు ఎంత, మింగిన పిదప నాలుకపై ఏమి మిగులవలెను? ఆ చివరి నుండి వెనుకకు నడువవలెను. ప్రతి దినుసును “నీవెందుకు వచ్చినావు?” అని అడుగవలెను. జవాబు చెప్పలేని దినుసును తీసివేయవలెను.

20 లీటర్లకు లేతరంగు మాల్టు 4 కిలోలు: ఇది అన్నము వంటిది, ఆధారము. క్రిస్టల్ మాల్టు 400 గ్రాములు: తడిగింజను వేడిచేయగా దానిలోని పిండి గింజలోనే చక్కెరగా మారి పాకము కట్టును, ఈస్టు తినలేని తీపిని, చిక్కదనమును ఇది ఇచ్చును. చాక్లెట్ మాల్టు 200 గ్రాములు: పేరే గాని చాక్లెట్టు ఉండదు, మూకుడులో నల్లబడువరకు వేపిన గింజ, గోధుమరంగు దీని పుణ్యమే. ఇంకొక గుప్పెడు ఎక్కువైనచో మాడు వాసన వచ్చును. బెల్లము 400 గ్రాములు మాత్రమే. మొత్తము దినుసులలో నూటికి ఎనిమిది పాళ్లు. అదియు మరుగు ముగియుటకు అయిదు నిమిషముల ముందు వేయవలెను. ముందే వేసినచో వాసన ఆవిరితో పోవును.

తరువాత హాప్ పూలు. మన దేశమున ఇవి హిమాచల్‌లోని లాహుల్ లోయలో పండును. హాపునందు చేదునిచ్చు ఆమ్లములు కలవు, పరిమళమునిచ్చు తైలములు కలవు. ఆమ్లములు మరిగినకొలది చేదుగా మారి నీటిలో కరగును. తైలములు మరిగినకొలది ఎగిరిపోవును. కావున ఒకే పువ్వును మూడు వేళల వేయవలెను. చారులో మిరియము ముందు వేసి కొత్తిమీర దించునప్పుడు వేయుట మన యింట తెలిసినదే. నూటికి 7 పాళ్లు ఆమ్లము గల హాపు 25 గ్రాములు గంటసేపు మరుగుటకు. కాస్కేడ్ 20 గ్రాములు చివరి 20 నిమిషములకు. మరి 30 గ్రాములు చివరి 5 నిమిషములకు. పులియుట ముగిసిన పిదప ఇంకొక 30 గ్రాములు చల్లగనే వేసి నాలుగు దినములు ఉంచవలెను. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల చేదు ఆమ్లమని లెక్కించు మానము ఒకటి కలదు. ఆ లెక్కన ఇది 30, 35 మధ్య వచ్చును. తీపికి సగము కంటె కొంచెము ఎక్కువ చేదు అన్నమాట. నోటికి తెలియును, మాల్టును మింగివేయదు.

ఈ లెక్క ప్రకారము ఆరంభమున 14 బ్రిక్సు, చివర 3.5 ఉండవలెను, ఆల్కహాలు నూటికి ఐదున్నర పాళ్లు. మొదటి కాపులో అది ఆరున్నర దాటినది. మిత్రులు చివరిదగు ఈ అంకె క్రింద రెండు గీతలు గీసినారు.

ఇక బెల్లము. పసుపుపచ్చని బెల్లమును తరచు హైడ్రోసు వేసి తెల్లబరతురు. దానిలో రంగు, వాసన తక్కువ. మందు వేయని ముదురు బెల్లము కావలెను. అయితే ముదురు బెల్లము అనగానే ఈ జిల్లాలో దుకాణదారుడు ఒకమారు తల ఎత్తి చూచును. నిజామాబాదు గంజ్‌లో ఒక దుకాణము ముందు మిత్రులు నిలువబడి నోరు తెరువలేకపోయినారు. మేమే అడిగినాము. “ఎందుకు సార్?” అన్నాడు దుకాణదారుడు. అప్పుడు మిత్రులు గొంతు సవరించుకొని “అమెరికాల మా పిల్లగాడున్నడు. ఇంటి బెల్లం తింటడట” అన్నారు. దుకాణదారుడు నవ్వి రెండు కిలోలు తూచినాడు. అబద్ధము పూర్తిగా అబద్ధమని మేము అనుకొనము.

తిరిగి వచ్చునప్పుడు బస్సులో ఆయన ఇట్లన్నారు: “మా తమ్ముడు తాగినదాంట్ల ఏమున్నదో వానికి తెల్వదు. అమ్మినోనికి తెల్వదు. మేం ప్రయోగశాలల గంట గంటకు రసం చూసేటోళ్లం. ఇంట్ల వాని గ్లాసు ఎవ్వరం చూడలే.” మేమేమియు బదులు చెప్పలేకపోయినాము. ఈత చెట్టు నుండి దించిన కల్లు కుండలోనే గాలిలోని ఈస్టు చేత తనంతట పులియును, అది ప్రకృతి. దానిలో క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, అల్ప్రాజోలమ్ వంటి మందులు కలుపుట మనిషి పని. అలవాటు పడినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగును. అట్టివానిని ఇంట ఉంచక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ మాట ఏ శ్రోత యింటనైన అక్కరకు వచ్చినచో ఈ ప్రసంగము వ్యర్థము కాదు.

కాగితమును, బెల్లమును మిత్రులే తమ చేతితో పంపినారు. కాగితము క్రింద మూడే వాక్యములు వ్రాసినారు. “ఒక కాపుకు ఒక్క మార్పే చేయవలెను, రెండు మార్చినచో దేనివలన ఏమి జరిగినదో తెలియదు. పులియునప్పుడు 20 డిగ్రీలు దాటనీయకుము. వేడి ఎక్కువైన ఘాటు నూనెలు పుట్టును.” మా యెండలలో, 40 డిగ్రీలు దాటు వేసవిలో, ఏ కొలతయు లేక కుండలో ఏమి పుట్టునో ఆయన వ్రాయలేదు; వ్రాయనక్కర లేదు.

రెండు నెలల పిదప కుఱ్ఱవాడు ఫోను చేసినాడు. మేము అక్కడనే ఉన్నాము. రుచి కుదిరినదట. మొదట పూల వాసన, నడుమ వేపిన గింజ, చిట్టచివర బెల్లపు పాకము పొంగునాటి వాసన సన్నగా తగిలినదట. “బాపూ, శక్కర్‌నగర్ యాదికొచ్చింది” అన్నాడు. మిత్రులు ఆ మాటకు బదులు పలుకలేదు. చివరి అంకె ఎంత అని అడిగినారు. 3.5 అన్నాడు.

“ఏ వేడిమి కాడ చూసినవు?”

కుఱ్ఱవాడు తెల్లబోయినాడు. హైడ్రోమీటరు పఠనమును ద్రవపు వేడిమిని బట్టి సవరించుకొననిచో ఆ అంకెకు అర్థము లేదు. చక్కెర ప్రయోగశాలలో మొదటి దినమున నేర్పు పాఠమిది. వేడిమి చూడలేదని ఒప్పుకొన్నాడు.

“అయితే మళ్ల చూసి రేపు చెప్పు. ఇదే యాళ్లకు చెయ్యి” అన్నారు మిత్రులు.

రెండేండ్ల తరువాత తండ్రి అడిగిన మొదటి ప్రశ్న అది. మరునాడు ఫోను వచ్చినది. ఆ మరునాడు కూడ వచ్చినదని విన్నాము. ఆయన ఇప్పటికిని ఒక్క చుక్క ముట్టరు. ముట్టవలెనని కొడుకును అడుగలేదు. గుడ్డలో చుట్టిన హైడ్రోమీటరు మాత్రము ఇప్పుడు బల్లపైకి వచ్చినది.