మిద్దెకు పిట్టగోడ

(రేడియో ప్రసంగ పాఠం. వాక్యభాగం: ద్వితీయోపదేశకాండము 22:8)

 

ఈ దినం మనం ధ్యానించే వాక్యం చాలా చిన్నది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కూడా కట్టాలని, అది లేక ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుందని దేవుడు మోషే ద్వారా ఆజ్ఞాపించాడు. మిద్దె ఇండ్లలో పుట్టి పెరిగిన మనకు దీన్ని ఎవరూ వివరించనక్కరలేదు. ఎండాకాలం రాత్రి మిద్దెమీదే పడుకుంటాం. మిరపకాయలు అక్కడే ఆరబోస్తాం. పిల్లలు అక్కడే ఆడుకుంటారు. పిట్టగోడ లేని మిద్దెమీద బిడ్డ ఉంటే కింద తల్లికి పని సాగదు.

గమనించండి. ఆ ఇంటి యజమాని ఎవరినీ తోయలేదు. ఎవరిమీదా అతనికి పగ లేదు. అయినా దేవుడు అతన్ని లెక్క అడుగుతున్నాడు. ఎందుకు? ప్రమాదం ఉందని తెలిసి కూడా అడ్డం కట్టలేదు గనుక. పొరుగువాని కోసం ప్రార్థన చేయడం ప్రేమే. అతడు పడకుండా గోడ కట్టడం కూడా ప్రేమే.

ప్రియులారా, మన సీమలో కక్షల మిద్దెమీదనుంచి ఎందరు పడిపోయారో మీకు తెలుసు. 1998 మే 23న వై.ఎస్. రాజారెడ్డి గారు పులివెందుల ప్రాంతంలో బాంబు దాడిలో చనిపోయారు. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవీంద్ర గారిని తుపాకులతో కాల్చి చంపారు. వీరు పేరున్నవారు గనుక తేదీలు కూడా మనకు గుర్తున్నాయి. వెంట నడిచి చనిపోయిన కూలివాని తేదీ అతని భార్యకు మాత్రమే గుర్తుంది. పాతకాలపు ఫ్యాక్షన్ తగ్గిందని మనం దేవునికి స్తోత్రం చెల్లిస్తున్నాం. కానీ 2023 మార్చిలో అదే పులివెందులలో, డబ్బు తగాదాలో, లైసెన్సు తుపాకీతో కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు, మరొకరు గాయపడ్డారు. అది దొంగచాటుగా తెచ్చిన ఆయుధం కాదు. ప్రభుత్వం కాగితం ఇచ్చిన ఆయుధం. అంటే ఇంకా పిట్టగోడ పూర్తి కాలేదు.

కొందరు విశ్వాసులు అడుగుతారు: "అయ్యగారూ, హృదయం మారకుండా చట్టం ఏం చేస్తుంది?" మంచి ప్రశ్న. హృదయాన్ని మార్చేవాడు ప్రభువొక్కడే. అయితే గెత్సేమనే తోటకు వెళ్లి చూడండి. పేతురుకు ప్రభువంటే ప్రేమ లేదా? ఉంది. మూడేండ్లు ఆయన బోధ విన్నాడు. అయినా కోపం వచ్చిన ఆ నిమిషంలో కత్తి చేతికి అందింది గనుక మల్కు చెవి తెగింది. ప్రభువు ఆ చెవిని బాగుచేశాడు. పేతురు చేతిలో ఉన్నది తుపాకీ అయితే మల్కు అక్కడికక్కడే పడిపోయి ఉండేవాడు. మారుమనస్సు పొందడానికి మనిషి బ్రతికి ఉండాలి గదా! కోపానికీ ఆయుధానికీ మధ్య కాస్త దూరం పెడితే, ఆ దూరంలో దేవుని ఆత్మ పనిచేయడానికి సమయం దొరుకుతుంది. చట్టం చేయగలిగింది అంతే. కానీ అది చిన్న పని కాదు.

మరి ఈ పిట్టగోడకు ఏ రాళ్లు కావాలి? నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం పోలీసుల నివేదిక తెప్పించుకొని అధికారి లైసెన్సు ఇవ్వాలి. 2019లో ఆ చట్టాన్ని సవరించి, ఒక మనిషి ఉంచుకోదగిన తుపాకులను మూడునుంచి రెండుకు తగ్గించారు. అది మేలు. అయితే లైసెన్సు గడువును మూడేండ్లనుంచి ఐదేండ్లకు పెంచారు. ఐదేండ్లలో మనిషి జీవితంలో ఎన్ని అప్పులు, ఎన్ని తగాదాలు వస్తాయి! కనుక ఏటేటా విచారణ జరగాలని మనం అడగాలి. ఇంట్లో భార్యను, ఇరుగుపొరుగును అడగాలి. బెదిరించినట్లు కేసు నమోదైన రోజే ఆయుధాన్ని స్టేషనులో పెట్టించాలి. లైసెన్సును నిలిపివేసే, రద్దుచేసే అధికారం చట్టంలోనే ఉంది. నాయకుని సిఫారసు ఉత్తరం దానికి అడ్డం రాకూడదు.

రెండవది, అప్పగింత. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించే పద్ధతి మనకు ఉన్నదే. ఓట్ల కోసం వీలైనది, ఊరిలో కక్ష రేగినప్పుడు ప్రాణాల కోసం ఎందుకు వీలుకాదు? ఆస్ట్రేలియా దేశంలో 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్ అనే చోట ఒక్కడు 35 మందిని కాల్చి చంపాడు. కొద్ది రోజుల్లోనే అక్కడి ప్రభుత్వాలన్నీ ఒక్కమాటమీద నిలబడి చట్టాన్ని బిగించాయి. డబ్బు చెల్లించి ప్రజల దగ్గరనుంచి సుమారు 6,50,000 తుపాకులను తీసుకొని నాశనం చేశాయి. కత్తి కరిగి నాగలి అవుతుందన్న యెషయా ప్రవచనం అక్కడ కొంచెమైనా కంటికి కనబడింది.

మూడవది, నాటుబాంబులు. మన ప్రాంతంలో తుపాకీకన్నా బాంబే ఎక్కువ రక్తం చూసింది. 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కఠినమైనదే. కానీ శిక్షకు భయపడి దాచినవాడు దాన్ని బయటికి తీయడు. గడ్డివాములో దాచిన బాంబు ఆడుకునే పిల్లవాని చేతికి దొరికితే, ఆ పసివానికి ఎవరి పగ తెలుసు? ఒక గడువు పెట్టి, ఆ లోపల సమాచారం ఇచ్చినవారిమీద కేసు లేకుండా పోలీసులే వచ్చి తీసుకుపోయే ఏర్పాటు కావాలి. క్వారీలలో వాడే మందుగుండు ప్రతిదానికీ లెక్క ఉండాలి, ఆ లెక్కను తనిఖీ చేసేవాడు ఉండాలి.

నాలుగవది, సాక్షులు. చూసినవాడు కోర్టులో చూడలేదంటే హంతకుడు ధైర్యంగా ఊరిలో తిరుగుతాడు, చనిపోయినవాని కొడుకు న్యాయం తానే తీర్చుకోవాలనుకుంటాడు. 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. ఆ రక్షణ మారుమూల పల్లెలోని సాక్షికి కూడా అందాలి. సంఘ పెద్దలారా, భయపడే సాక్షికి తోడుగా కోర్టు మెట్లు ఎక్కడానికి మీరు సిద్ధమా?

సంఘం చేయవలసింది ఇంకా ఉంది. జమ్మలమడుగులో మిషనరీలు స్థాపించిన కాంప్‌బెల్ ఆస్పత్రి తరతరాలుగా మన గాయాలకు కట్టు కట్టింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు కూడా యౌవనంలో అక్కడ వైద్యునిగా పనిచేశారు. గాయానికి కట్టు కట్టిన సంఘమే ఇప్పుడు గాయం కాకుండా గోడ కట్టాలి. నడుముకు ఆయుధం ఉన్న పెద్దమనిషిని ఆరాధనలో ముందు కుర్చీలో కూర్చోబెట్టి దండ వేస్తే, వెనుక చాపమీద కూర్చున్న పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? ఆ దండ ఏదో, కక్ష వదిలి రాజీపడిన ఇద్దరికి వేద్దాం.

2009 సెప్టెంబరులో రాజశేఖరరెడ్డి గారిని ఇడుపులపాయలో సమాధి చేశారు. ఆ ఊరిలోనే 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో పల్లెపిల్లలు చదువుకుంటున్నారు. తాత పగను మనవని చేతిలో పెట్టే రోజులు పోయి, పుస్తకం పెట్టే రోజులు వచ్చాయి. వీరిని కాపాడుకోవడం మన బాధ్యత. ఈ వారం మీ సంఘంలో ఈ నాలుగు మాటలు చర్చించి, ఒక విన్నపం రాసి, అందరూ సంతకాలు చేసి కలెక్టరు గారికి, మీ శాసనసభ్యునికి పంపండి. అదీ పరిచర్యే.

ప్రార్థన చేద్దాం. సమాధానకర్తవైన దేవా, మా ఊళ్లలో కార్చబడిన రక్తాన్ని నీవు చూశావు. విధవరాండ్రను, తండ్రిలేని పిల్లలను ఆదరించు. ఆయుధం దాచుకున్నవానికి దాన్ని అప్పగించే ధైర్యమివ్వు. అధికారులకు పక్షపాతం లేని మనస్సు ఇవ్వు. మా చేతులతో ఈ పిట్టగోడ కట్టించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.